పనిలో పోయిన ప్రాణాలు: స్మరణ, పరిహారం, జవాబుదారీతనం

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. వారాల తరబడి గాలించినా రెండు మృతదేహాలే బయటికి వచ్చాయి. అదే ఏడాది జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు 54 మందిని బలి తీసుకుంది. వారిలో ఎనిమిది మంది ఆనవాళ్లు డీఎన్‌ఏ పరీక్షల్లోనూ దొరకలేదు. రెండు చోట్లా ప్రాణాలు పోగొట్టుకున్నవారిలో ఎక్కువ మంది పొట్ట చేతపట్టుకుని జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, బిహార్, ఒడిశా వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవారే.

ఇలాంటి ఘోరం జరిగిన ప్రతిసారీ చర్చ తెలిసిన దారుల్లోనే నడుస్తుంది. ఎక్స్‌గ్రేషియా ఎంత? యాజమాన్యంపై కేసు పెట్టారా? తనిఖీలు ఎందుకు జరగలేదు? కమిటీ నివేదిక ఎప్పుడు? ఈ ప్రశ్నలన్నీ అవసరమైనవే. కానీ వీటికి వెనుక ఇంకా పెద్ద ప్రశ్న ఉంది. పని చేస్తూ చనిపోయిన మనిషిని సమాజం ఎలా గుర్తుంచుకోవాలి? ఆ ఇంటికి మనం బాకీ పడింది సంతాపమా, డబ్బా, దోషులకు శిక్షా, మళ్లీ జరగదన్న భరోసానా? నూరేళ్లకు పైగా అనేక దేశాల్లో సాగుతున్న ఈ వాదన ఇప్పుడు బాగా చిక్కుబడింది. దాని చరిత్రను, ప్రధాన ధోరణులను, ఇంకా తేలని అంశాలను వరుసగా చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఏ దారిని ఎంచుకున్నా పునాది ఒకటే: ఏం జరిగిందో తెలుసుకునే హక్కు కుటుంబానికి ఉండాలి. మన దగ్గర అన్నిటికన్నా బలహీనంగా ఉన్నది ఆ హక్కే.

ఏప్రిల్ 28 ఎలా వచ్చింది

1911 మార్చి 25న న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ దుస్తుల ఫ్యాక్టరీలో మంటలు లేచి 146 మంది చనిపోయారు. చాలామంది వలస వచ్చిన యువతులు. తలుపులకు తాళం వేసి ఉండటంతో బయటపడలేకపోయారు. ఆ తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్యాక్టరీ చట్టాలు మారాయి. అయితే గుర్తు తెలియకుండా పోయిన చివరి ఆరుగురి పేర్లు 2011లో గానీ తేలలేదు. మృతులందరి పేర్లతో స్మారకం 2023లో గానీ నిలబడలేదు. చట్టాలు త్వరగానే మారాయి, పేర్లు మాత్రం శతాబ్దం పాటు వేచి ఉన్నాయి.

పనిలో చనిపోయినవారి కోసం ఏడాదికి ఒక రోజు కేటాయించాలన్న ఆలోచన 1980లలో కెనడా ప్రభుత్వోద్యోగుల యూనియన్ నుంచి వచ్చింది. 1991లో అక్కడి పార్లమెంటు ఏప్రిల్ 28ని జాతీయ సంతాప దినంగా చట్టం చేసింది. అమెరికా కార్మిక సమాఖ్య 1989 నుంచి అదే తేదీని పాటిస్తోంది. అక్కడి వృత్తి భద్రతా చట్టం అమల్లోకి వచ్చింది 1971లో అదే రోజున. చనిపోయినవారిని తలచుకోవాలి, బతికి ఉన్నవారి కోసం పోరాడాలి అన్నది ఈ దినానికి మూల సూత్రంగా నిలిచింది.

2003లో అంతర్జాతీయ కార్మిక సంస్థ అదే తేదీని ప్రపంచ భద్రతా, ఆరోగ్య దినంగా తీసుకుంది. అప్పటి నుంచి ఒకే రోజుకు రెండు ముఖాలు వచ్చాయి. యూనియన్లకు అది సంతాప దినం. ప్రభుత్వాలకు, యాజమాన్యాలకు నివారణ దినం. ఈ రెండింటి మధ్య ఘర్షణ నేటికీ సాగుతోంది. 2022లో ఆ సంస్థ సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని కార్మికుల మౌలిక హక్కుల్లో చేర్చింది.

భారతదేశం మరో దారిలో నడిచింది. 1966 మార్చి 4న జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. ఏటా అదే తేదీన జాతీయ భద్రతా దినం జరుపుకుంటున్నాం. అంటే మనం ఎంచుకున్నది ఒక సంస్థ పుట్టినరోజు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ ప్రాంతంలోని చస్‌నాలా బొగ్గు గనిలోకి నీరు ముంచెత్తి 370 మందికి పైగా మరణించారు. అక్కడ స్మారకం ఉంది, ఏటా నివాళి కార్యక్రమం జరుగుతుంది. కానీ ఆ తేదీ దేశపు క్యాలెండర్‌లోకి ఎక్కలేదు.

నాలుగు ధోరణులు

మొదటిది: ముందు సంతాపం

ఈ ధోరణివారికి పేరు ముఖ్యం. మృతుల సంఖ్య వార్త అవుతుంది, మర్నాటికి పాతబడుతుంది. పేరు అలా పాతబడదు. 1956 ఆగస్టు 8న బెల్జియంలోని మార్సినెల్ బొగ్గు గనిలో 262 మంది చనిపోయారు. వారిలో 136 మంది ఇటలీ నుంచి వలస వచ్చినవారు. ఆ గని ప్రాంగణం నేడు స్మారకం. 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇటలీ 2001 నుంచి ఆగస్టు 8ని ప్రపంచమంతటా శ్రమించిన ఇటాలియన్ల త్యాగ దినంగా పాటిస్తోంది. పరాయి దేశంలో చనిపోయిన వలస కూలీని సొంత దేశం తలచుకోవడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు. గల్ఫ్‌కు కొడుకులను పంపిన కరీంనగర్, నిజామాబాద్ పల్లెలకు ఈ ఉదాహరణ చాలా దగ్గరిది.

దీనిపై విమర్శ కూడా బలమైనదే. త్యాగం అనే మాట వాడితే చావు అనివార్యమైనట్టు, కార్మికుడే కోరి ప్రాణమిచ్చినట్టు ధ్వనిస్తుంది. తాళం వేసిన తలుపు వెనుక కాలిపోయిన యువతి త్యాగం చేయలేదు. ఆమె ప్రాణాన్ని నిర్లక్ష్యం తీసింది.

రెండోది: నివారణే నిజమైన నివాళి

భద్రతా నిపుణులు, ఫ్యాక్టరీల తనిఖీ శాఖలు, చాలా యాజమాన్యాలు ఈ వైపు ఉంటాయి. పోయినవారు తిరిగి రారు కాబట్టి శ్రద్ధంతా వచ్చే ప్రమాదాన్ని ఆపడంపై పెట్టాలన్నది వీరి మాట. 1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేసిన సవరణలు ఈ ఆలోచనకు మన దేశపు పెద్ద ఉదాహరణ. ప్రమాదకర పరిశ్రమలు ముప్పు వివరాలను కార్మికులకు, చుట్టుపక్కల ప్రజలకు తెలియజేయాలన్న నిబంధన అప్పుడే వచ్చింది. 1992లో కెనడాలోని వెస్ట్రే గనిలో 26 మంది చనిపోయాక, 2010లో న్యూజిలాండ్‌లోని పైక్ రివర్ గనిలో 29 మంది చనిపోయాక ఆ దేశాల చట్టాలు మారాయి.

ఈ ధోరణి బలహీనత ఏమిటంటే అందులో మృతుడు ఒక పాఠంగా మిగులుతాడు, కుటుంబం కనబడదు. మార్చి 4న జెండా ఎగరేసి, ప్రతిజ్ఞ చేసి, నినాదాల పోటీలు పెట్టే కార్యక్రమాల్లో ఆ ఫ్యాక్టరీలోనే చనిపోయినవాడి పేరు వినబడడం అరుదు.

మూడోది: పరిహారం దయ కాదు, హక్కు

1923 నాటి కార్మిక పరిహార చట్టం ఈ ధోరణికి మన దేశంలో మూలం. అందులోని మేలైన ఊహ ఏమిటంటే, యజమాని తప్పు చేశాడని కుటుంబం నిరూపించనక్కరలేదు. పని వల్ల, పనిలో ఉండగా మరణం సంభవిస్తే చాలు. లెక్క కూడా చట్టంలోనే ఉంది. నెల జీతంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చవేయాలి. 2020లో పెంచిన 15,000 రూపాయల జీతపు పరిమితితో చూస్తే, 30 ఏళ్ల కార్మికుడి కుటుంబానికి దాదాపు 15.6 లక్షలు రావాలి. ఆ చట్టం ప్రకారం మరణ పరిహారాన్ని యజమాని నేరుగా కుటుంబం చేతిలో పెట్టకుండా కార్మిక పరిహార కమిషనర్ దగ్గర జమ చేయాల్సి ఉండేది. ఆలస్యమైతే 12 శాతం వడ్డీ కట్టాల్సి వచ్చేది. ఆలస్యానికి సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా కూడా పడే అవకాశం ఉండేది. ఒత్తిడి తెచ్చి తక్కువకే సంతకం పెట్టించుకోకుండా చేసిన ఏర్పాటు ఇది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఈ చట్టాన్ని తనలో కలుపుకొంది. ఇంటి నుంచి పనికి వెళ్లివచ్చే దారిలో జరిగే ప్రమాదాలనూ పని ప్రమాదాల పరిధిలోకి తెచ్చింది.

1986లో ఢిల్లీ ఓలియం గ్యాస్ లీకేజీ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకెక్కింది. ప్రమాదకర పరిశ్రమ బాధ్యత సంపూర్ణమని, పరిహారం ఆ సంస్థ స్తోమతకు తగ్గట్టు ఉండాలని తేల్చింది. 2013లో ఢాకా రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది మరణించినప్పుడు, అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఒక్కో కుటుంబానికి లెక్కగట్టి 3 కోట్ల డాలర్ల నిధిని 2015 నాటికి సమకూర్చారు.

దీనిపై విమర్శ ఒక్కటే. డబ్బు ముట్టిన రోజున ఫైలు మూసేస్తారు. ఎందుకు చనిపోయాడన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

నాలుగోది: శిక్ష లేనిదే న్యాయం లేదు

ఈ ధోరణిని ముందుకు నడిపింది ఎక్కువగా మృతుల కుటుంబాలే. బ్రిటన్‌లో సంస్థల మీదే నరహత్య కేసు పెట్టగల చట్టం 2007లో వచ్చింది. కెనడా వెస్ట్రే చట్టం 2004 నుంచి అమల్లో ఉంది. దక్షిణ కొరియాలో 2018 డిసెంబరులో ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో 24 ఏళ్ల సబ్‌కాంట్రాక్ట్ కార్మికుడు రాత్రిపూట ఒంటరిగా కన్వేయర్ బెల్టు దగ్గర పనిచేస్తూ చనిపోయాడు. అతని తల్లి, ఆమెతో పాటు ఇతర కుటుంబాలు ఏళ్ల తరబడి చేసిన పోరాటంతో 2021లో తీవ్ర ప్రమాదాల శిక్షా చట్టం వచ్చింది. దాని కింద సంస్థల అధిపతులే జైలుకు వెళ్లే అవకాశం ఉంది.

మన దగ్గర ఈ దారి ఇరుకైనది. భోపాల్ కేసులో 2010లో కంపెనీ భారతీయ అధికారులకు పడింది రెండేళ్ల శిక్షే. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే వేసే గరిష్ఠ శిక్ష భారతీయ న్యాయ సంహితలో ఐదేళ్లకు పెరిగింది. కొత్త వృత్తి భద్రతా కోడ్ ప్రకారం, నిబంధనల ఉల్లంఘన వల్ల మరణం సంభవిస్తే రెండేళ్ల దాకా జైలు గానీ, 5 లక్షలకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. జరిమానాలో కనీసం సగాన్ని కోర్టు వారసులకు ఇప్పించవచ్చు.

శిక్షను వ్యతిరేకించేవారి వాదన కూడా కొట్టిపారేయదగ్గది కాదు. జైలు భయం ఉంటే ఎవరూ నిజం చెప్పరు, త్రుటిలో తప్పిన ప్రమాదాలను దాచేస్తారు, చివరికి షిఫ్ట్ ఇన్‌ఛార్జి మీదో చనిపోయినవాడి మీదో నింద పడుతుంది అంటారు. విమాన ప్రమాదాల్లో కారణాల విచారణను, నేర విచారణను వేరుగా ఉంచడం ఇందుకే.

పోల్చి చూస్తే

- సంతాప ధోరణి అడిగేది: ఎవరు పోయారు? కేంద్రంలో ఉన్నది మృతుడు. బలం పేరు, గౌరవం. లోటు బాధ్యత ఎవరిదో చెప్పకపోవడం.
- నివారణ ధోరణి అడిగేది: ఎలా ఆపాలి? కేంద్రంలో ఉన్నది రేపటి కార్మికుడు. బలం శాశ్వతమైన మార్పు. లోటు కుటుంబానికి చోటు లేకపోవడం.
- పరిహార ధోరణి అడిగేది: ఆ ఇల్లు ఎలా గడవాలి? కేంద్రంలో ఉన్నది భార్యాపిల్లలు, తల్లిదండ్రులు. బలం తక్షణ ఆసరా. లోటు నిజం తెలియకుండానే విషయం ముగిసిపోవడం.
- శిక్షా ధోరణి అడిగేది: ఎవరు కారణం? కేంద్రంలో ఉన్నది నిర్ణయాలు తీసుకున్న అధికారి. బలం జవాబుదారీతనం. లోటు ఏళ్ల తరబడి సాగే కేసులు, కింది ఉద్యోగి బలి కావడం.

నాలుగింటికీ అవసరమైన సరుకు ఒకటే: ఘటనపై నమ్మదగిన, బహిరంగమైన నివేదిక. అది లేనిదే స్మారకం మీద రాయడానికి సరైన పేర్లు ఉండవు, పాఠం నేర్చుకోవడానికి కారణం తెలియదు, పరిహారానికి ఆధారం దొరకదు, శిక్షకు సాక్ష్యం మిగలదు.

తెలుగు నేలపై పరిస్థితి

ఎక్స్‌గ్రేషియా విషయంలో రెండు తెలుగు రాష్ట్రాల్లో అంకెలు పెరిగాయి. 2020లో విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకేజీ మృతుల కుటుంబాలకు కోటి రూపాయలు ప్రకటించారు. అక్కడ చనిపోయినవారు ప్రధానంగా చుట్టుపక్కల నివాసులు. కానీ ఆ తర్వాత పరిశ్రమల్లో మరణించిన కార్మికులకూ ఆ అంకే కొలమానమైంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియా ఫార్మాలో 17 మంది చనిపోతే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోటి ప్రకటించింది. సిగాచి మృతులకూ కోటి ప్రకటన వచ్చింది.

ఈ ఉదారతలో ఒక నిర్దయ దాగి ఉంది. అచ్యుతాపురం ఉన్న అనకాపల్లి జిల్లాలోనే 2025 ఏప్రిల్ 13న కైలాసపట్నం బాణసంచా కేంద్రంలో ఎనిమిది మంది మరణించారు. వారి కుటుంబాలకు ప్రకటించింది 15 లక్షలు. అదే జిల్లా, అలాంటి పేలుడే, అలాంటి పేదలే. ప్రాణం విలువ చనిపోయినవారి సంఖ్య, పరిశ్రమ స్థాయి, టీవీ కెమెరాల హడావుడి మీద ఆధారపడుతోందన్న అనుమానం రాక మానదు. సెంట్రింగ్ పనిలో పరంజా మీద నుంచి ఒంటరిగా జారిపడిన కూలీకి కోటి మాట అటుంచి, చట్టం ఇచ్చిన పరిహారం అందడమే గగనం. మేస్త్రీ, సబ్‌కాంట్రాక్టర్, బిల్డర్ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదై ఉండదు.

సింగరేణి బొగ్గు గనుల్లో పరిస్థితి కొంత భిన్నం. బలమైన యూనియన్లు, కారుణ్య నియామకాలు, గని ప్రమాదాలపై చట్టబద్ధ విచారణలు అక్కడ ఉన్నాయి. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో గనిలో నీరు ముంచెత్తి 17 మంది చనిపోయిన ఘటన కార్మిక కుటుంబాల జ్ఞాపకంలో నిలిచిపోయింది. అయినా అక్కడా రెండు తరగతులున్నాయి. 2024లో పర్మినెంట్ ఉద్యోగులకు కోటి రూపాయల ప్రమాద బీమా వచ్చింది, కాంట్రాక్ట్ కార్మికులకు 30 లక్షలు. పక్కపక్కనే పనిచేసే ఇద్దరి మధ్య ఈ అంతరం ఎలా సమర్థనీయమో చెప్పవలసిన బాధ్యత యాజమాన్యానిదే కాదు, యూనియన్లది కూడా.

గల్ఫ్‌లో మరణించిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో 5 లక్షల ఎక్స్‌గ్రేషియా తెచ్చింది. ఎండలో పనిచేస్తూ కుప్పకూలిన యువకుడి మరణపత్రంలో సహజ మరణమనో గుండె ఆగిందనో రాస్తే, పని ప్రదేశపు బాధ్యత కాగితం మీదే మాయమవుతుంది. ఇంటికి శవపేటిక వస్తుంది, కారణం రాదు.

అందరికన్నా ముందు దారి చూపింది మురుగుకాలువల్లో దిగి చనిపోయినవారి కుటుంబాలు. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ నాయకత్వంలోని సఫాయీ కర్మచారీ ఆందోళన్ దేశమంతా తిరిగి ఈ మరణాలను నమోదు చేసింది. 2015 డిసెంబరు నుంచి 125 రోజుల పాటు భీమ్ యాత్ర చేపట్టి, మమ్మల్ని చంపడం ఆపండి అని నినదించింది. ఆ సంస్థ వేసిన కేసులోనే 2014లో సుప్రీంకోర్టు, 1993 నుంచి అలా మరణించిన వారందరి కుటుంబాలను గుర్తించి 10 లక్షల చొప్పున ఇవ్వాలని ఆదేశించింది. 2023లో మరో కేసులో దాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం ఇవ్వాలంటే పేర్లు వెతకాలి, పేర్లు వెతకాలంటే ఆ మరణం జరిగిందని ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఒక తీర్పు ఇరవై ఏళ్ల మరుపును తవ్వి తీసింది. స్మరణ, పరిహారం, జవాబుదారీతనం వేర్వేరు కావని దేశానికి నేర్పింది సమాజం అట్టడుగుకు నెట్టేసిన మనుషులే.

ఇంకా తేలనివి

ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి? అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా ప్రకారం పని కారణంగా ప్రపంచంలో ఏటా దాదాపు 29.3 లక్షల మంది చనిపోతున్నారు. వారిలో ప్రమాదాల వల్ల పోయేవారు 3.3 లక్షలు. మిగతా 26 లక్షల మందినీ తీసుకెళ్లేది పని తెచ్చిన జబ్బులే. పేలుడుకు తేదీ ఉంటుంది. రాళ్ల క్వారీ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని పదిహేనేళ్లకు చనిపోయినవాడికి ఏ తేదీన నివాళి? రాజస్థాన్ 2019లో సిలికోసిస్ బాధితుల కోసం ప్రత్యేక విధానం తెచ్చింది. తెలుగు రాష్ట్రాలు ఆ దిశగా ఆలోచించాలి.

పేరు చెక్కడం ఎల్లప్పుడూ గౌరవమేనా? పాకీ పనిలో పోయినవాడి పిల్లలు ఆ పని ముద్ర తమ మీద ఉండకూడదని కోరుకోవచ్చు. స్మారకంపై తుది మాట కుటుంబానిదే కావాలని అంగీకరించేవారు కూడా, కుటుంబంలోనే భిన్నాభిప్రాయాలుంటే ఏం చేయాలో చెప్పలేకపోతున్నారు.

కుటుంబం అంటే ఎవరు? చట్టం ఆధారపడినవారి జాబితా ఇస్తుంది. కానీ భార్యకు, అత్తమామలకు మధ్య డబ్బు చీలిక తెస్తుంది. ఊరుగాని ఊళ్లో, భాష రాని ఆఫీసులో, ఆధార్‌లో ఒక పేరు మస్టర్‌లో ఇంకో పేరు ఉన్నప్పుడు హక్కు నిరూపించుకోవడమే రెండో యాతన.

శిక్షా, సత్యమా అన్నది కూడా తేలలేదు. కొరియా చట్టం మరణాలను ఎంత తగ్గించిందన్న దానిపై అక్కడే వాదన సాగుతోంది. విచారణను రెండుగా విడదీయడం సిద్ధాంతంలో బాగుంది. కానీ మన తనిఖీ వ్యవస్థకు అంత స్వతంత్రత లేనప్పుడు, విడదీసిన రెండూ బలహీనపడవచ్చు. ఫ్యాక్టరీగా గుర్తించడానికి కావలసిన కార్మికుల సంఖ్యను కొత్త వృత్తి భద్రతా కోడ్ విద్యుత్తు వాడేచోట 10 నుంచి 20కి, వాడనిచోట 20 నుంచి 40కి పెంచింది. దీంతో చిన్న యూనిట్లలో చావులు ఆ లెక్కల్లోకి రావడం మరింత కష్టం కావచ్చు.

కనీసం ఒప్పుకోవలసినవి

ఈ విభేదాలన్నీ తేలేదాకా ఆగనక్కరలేదు. నాలుగు ధోరణులవారూ ఒప్పుకోగల పనులు కొన్ని ఉన్నాయి. పని వల్ల జరిగిన ప్రతి మరణాన్నీ, కాంట్రాక్ట్, వలస, గల్ఫ్ కార్మికులతో సహా, కుటుంబం సమ్మతితో పేరు పేరునా నమోదు చేసే రాష్ట్ర రిజిస్టరు ఉండాలి. విచారణ నివేదికను గడువులోగా బయటపెట్టి, కుటుంబానికి అర్థమయ్యే భాషలో ప్రతి ఇవ్వాలి. విచారణలో వారికి ప్రశ్నలడిగే అవకాశం ఉండాలి. ఎక్స్‌గ్రేషియా ప్రకటనల తీరు మారి, ఒకే రకం మరణానికి ఒకే కొలత ఉండాలి. చట్టబద్ధ పరిహారం దానితో సంబంధం లేకుండా చట్టం నియమించిన అధికారి ద్వారా అందాలి. ఏప్రిల్ 28న గానీ మార్చి 4న గానీ, భద్రతా ప్రతిజ్ఞకు ముందు ఆ ప్రాంగణంలో పోయినవారి పేర్లు చదవాలి.

వీటిలో డబ్బు ఖర్చయ్యేవి తక్కువ, ధైర్యం కావలసినవి ఎక్కువ. కోటి రూపాయల చెక్కు ఇవ్వడానికి ప్రభుత్వాలు వెనుకాడడం లేదు. ఇరవై పేజీల నివేదిక ఇవ్వడానికి వెనుకాడుతున్నాయి. నా భర్త ఎలా చనిపోయాడు అని అడిగిన మనిషికి దస్తావేజు రూపంలో జవాబిచ్చే రోజున మన సంతాపానికి విలువ వస్తుంది, పరిహారానికి గౌరవం వస్తుంది, చట్టానికి పదును వస్తుంది. ఆ జవాబు అడగడానికి కార్మిక సంఘాలు, న్యాయవాదులు, పత్రికలు కుటుంబాల పక్కన నిలబడాలి. ఒంటరి ఇల్లాలికి ఆ పోరాటాన్ని వదిలేసే హక్కు మనలో ఎవరికీ లేదు.